కొట్టివేత లేని పుస్తకం

"ఆగస్టు తొమ్మిది. ఉదయం నాలుగు ఇరవై రెండు. మధ్యాహ్నం నాలుగు ముప్ఫై. సాయంత్రం నాలుగు నలభై ఒకటి."

అమ్మడు చదువుతోంది, పరిశోధకురాలు టైపు చేస్తోంది. మొదటి అంకె మీటర్లు, తరవాతవి సెంటీమీటర్లు. ఆ పూట ఏటి నీళ్ళు కొలబద్ద మీద ఎంతవరకు ఉన్నాయన్న లెక్క. రోజుకు మూడు పూటలు, ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ఏడాదికొకటి చొప్పున ముప్ఫై ఒక్క పుస్తకాలు ముందుగదిలో గోడవారగా పేర్చి ఉన్నాయి. ఆఫీసువాళ్ళు వాటిని చెత్తకాగితాల బండికి ఎత్తబోతుంటే నీళ్ళ మాస్టారు అడ్డం పడి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆఫీసుకు అవి అక్కర్లేకపోయినా ఇచ్చినట్టు సంతకం మాత్రం మూడు చోట్ల పెట్టించుకున్నారు.

నీళ్ళ మాస్టారంటే అమ్మడి తండ్రి. ఆయన ఎవరికీ ఓ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఉద్యోగమంతా ఏటి మెట్లు దిగడం, కొలబద్ద చూడడం, పుస్తకంలో రాయడం. కానీ ఆయన ఏదైనా అన్నాడంటే ఊళ్ళో అది అచ్చయినట్టే, అందుకని మాస్టారయ్యాడు. ఇప్పుడు చూపు మందగించి కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. చెవులు మాత్రం పాముచెవులు.

పని ఒక పద్ధతిగా సాగుతోంది. పుటను బల్ల మీద పరిచి, పైన గాజుపలక పెట్టి ముందు ఫొటో తీస్తారు. తరవాత అమ్మడు చదువుతుంది. పది వరుసలయ్యాక కింది నుంచి పైకి మళ్ళీ చదవాలి. పైనుంచి వచ్చేటప్పుడు మనసు తరవాతి అంకెను ముందే ఊహించేసుకుంటుందనీ, తలకిందులుగా చదివితే ఆ ఆట సాగదనీ పరిశోధకురాలు మొదటిరోజే చెప్పింది. ఊరికే కాలక్షేపానికి చేస్తున్న పని కాదిది. శుక్రవారం పదకొండింటికి మునిసిపాలిటీలో సమావేశం. వానలు మొదలవకముందే ఏటి గట్టున కొత్త సైరన్ పెడుతున్నారు. మనిషి నొక్కక్కర్లేదు, నీళ్ళు ఫలానా గీత దాటగానే దానంతటదే మోగుతుంది. ఆ గీత ఎక్కడుండాలో ఈ పుస్తకాలను బట్టి తేలుస్తారు. ఆ మర్నాడు లెక్కలన్నీ ఎవరైనా చూసుకునేలా, ఎవరైనా వాడుకునేలా బయట పెట్టేస్తారు.

"పదకొండు. సాయంత్రం అయిదు తొంభై. పన్నెండు. ఉదయం ఏడు..."

అమ్మడి వేలు ఆ అంకె మీదే ఉండిపోయింది.

"ఏడు ఎంతక్కా?"

"ఏడు పది."

"మధ్యాహ్నం?"

"ఆరు ఇరవై."

పరిశోధకురాలు చేతులు బల్ల మీద నుంచి తీసేసి ఒళ్ళు విరుచుకుంది. "వచ్చేసింది. ఈ వరుస కోసమే చూస్తున్నాను. పల్లపు వీధి గడపలు తడిసింది ఆ ఉదయమే కదా మాస్టారూ?"

"ఆ ఉదయమే" అన్నాడు మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

"కట్ట మీదుగా కాదు, వెనక కాలవలోంచి ఎగదన్ని వస్తాయి నీళ్ళు. అందుకే వీధి ఎత్తు కొలిచి లెక్కకడితే సరిపోదు. ఏట్లో ఎంత ఉంటే వీధిలోకి వస్తుందో ఒకసారి కళ్ళతో చూసినవాళ్ళే చెప్పాలి. చూసినవాళ్ళు ప్రపంచంలో మీరొక్కరే. ఏడు పదికి వచ్చింది కాబట్టి ఏడు దగ్గర సైరన్. పాతదీ అంతే పెట్టారు, కొత్తదీ అంతే." ఆమె తన సంచిలోంచి ఇంకో పుస్తకం నకళ్ళు తీసింది. "ఒక్కటే చిక్కు. దిగువన వంతెన దగ్గర కొలత చూసే ఇంకో రీడరుండేవాడు. ఆయన పుస్తకంలో ఆ రోజు ఇంత పొంగు లేనేలేదు. కానీ అది పేజీకి రెండు కొట్టివేతలున్న పుస్తకం. మాస్టారి దాంట్లో ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు. అందుకని వంతెనాయన అంకెల పక్కన 'నమ్మదగినవి కావు' అని గుర్తు పెట్టేస్తున్నాను."

అమ్మడు బల్ల అంచు పట్టుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఉదయం ఆమెకు ఎప్పుడో గానీ గుర్తుకు రాలేదు. వచ్చినా అదొక చిన్నప్పటి భయం, అంతే. అందులోంచి ఒక అంకె పుట్టిందని, ఆ అంకె ఇంకా బతికే ఉందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

ఆసుపత్రిలో అమ్మ. అమ్మ పక్కన నాన్న. ఆ పదకొండు రోజులూ మెట్లు దిగి కొలత చూసి, చీటీ మీద రాసుకుని, ఆసుపత్రికి పట్టుకెళ్ళి నాన్నకిచ్చింది తనే. నాన్న ఒళ్ళో పుస్తకం పెట్టుకుని తన దస్తూరీతో ఎక్కించి సంతకం పెట్టేవాడు. ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. నీటి అంచున ఉన్న మెట్టు మీద గొంతుక్కూర్చోవాలి. వంగితే కళ్ళు నీటి మట్టానికి రావాలి. అల పైకి వచ్చినప్పుడొకటి, కిందికి పోయినప్పుడొకటి చూసి, మధ్యది రాయాలి. పన్నెండో తారీఖు పొద్దున మాత్రం తను దిగలేదు. మెట్ల మీద బురద, ఏరు మోత. పైన ఇనపకమ్మీ పట్టుకుని నిలబడే చూసింది. కొలబద్దకు కొమ్మలూ గడ్డీ కొట్టుకొచ్చి పోగుపడ్డాయి, దానిపైన నురగ. నురగ పైన మొట్టమొదట కనిపించిన అంకె ఏడు పది. అదే చీటీ మీద రాసింది.

"తలకిందులుగా చదువక్కా" అంది పరిశోధకురాలు.

అమ్మడు కింది నుంచి పైకి చదివింది. ఆ వరుస మళ్ళీ వచ్చింది, ఏడు పది అనే మళ్ళీ చదివింది. మాస్టారు లేచి గోడ పట్టుకుంటూ మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటి దాకా రాలేదు.

*

మర్నాడు పొద్దున్నే అమ్మడు బస్టాండుకు వెళ్ళింది. ఎందుకు వెళుతోందో తనకే తెలియదు. చెప్పడానికి వెళుతున్నాననుకుంది, తీరా బాబాయి కనిపించేసరికి ఆయన బకెట్టు పక్కన ఊరికే నిలబడింది.

బాబాయి అంటే చుట్టం కాదు. పాత సైరన్‌కు వాచ్‌మనుగా చేసిన మనిషి. గట్టు మీద సైరన్ గదికీ వీళ్ళింటికీ మధ్య నాలుగిళ్ళే. ఇప్పుడు బస్సులు కడుగుతున్నాడు. పొడుగాటి కర్రకు గుడ్డ చుట్టి, బస్సు అద్దాన్ని పైనుంచి కిందికి తుడుస్తున్నాడు. గుడ్డ ఒక్క చోట కూడా ఆపడం లేదు, ఆపితే గీత పడుతుంది. వాచ్‌మను పని కూడా అంత శ్రద్ధగానే చేసేవాడు. సైరన్ గది బొత్తానికి తుప్పు పట్టకుండా వారానికోసారి నూనె రాసేవాడు.

"ఏంటమ్మడూ ఇలా వచ్చావ్? నాన్నకెలా ఉంది?"

"బానే ఉన్నారు బాబాయ్."

"పుస్తకాలన్నీ ఎక్కిస్తున్నారంట కదా కంప్యూటర్లో. అందరూ చూడొచ్చంట. నిజమేనా?"

"నిజమే."

బాబాయి బకెట్టు పక్కకు జరిపి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "నాకొక్క సాయం చెయ్యమ్మా. అవి పెట్టాక ఎక్కడ చూడాలో కాస్త కాగితం మీద రాసివ్వు. నా చెల్లెలి కొడుకు చదువుకున్నాడు, వాడు తీసి చూస్తాడు. ఎవడో ఒకడు సరిగ్గా లెక్క కట్టేవాడు ఉండకపోడు కదా. నాలుగేళ్ళ నుంచీ దాని కోసమే కాసుక్కూర్చున్నా."

నాలుగేళ్ళ కిందటి రెండో వరద సంగతి అది. అప్పటికి మాస్టారు రిటైరయ్యాడు, కొలత రాసేవాళ్ళు లేరు. మధ్యాహ్నం నాలుగుంబావుకు పల్లపు వీధిలోకి నీళ్ళొచ్చాయి. సైరన్ అయిదింటికి మోగింది. కాళ్ళు పడిపోయి మంచాన ఉన్న కుట్టుమిషన్ అత్తను బయటికి తేవడానికి అప్పుడు వెళ్ళారు. అప్పటికే నీళ్ళు మంచం మీదికి వచ్చేశాయి. అమ్మడి బడిబట్టలన్నీ ఆ అత్త కుట్టినవే.

"అసలు ఆ రోజు ఏమైంది బాబాయ్?" అంది అమ్మడు. ఎన్నోసార్లు విన్న కథే. ఈసారి వినడం వేరు.

"ఏముందమ్మా. వీధిలో నీళ్ళొచ్చాయని కేకలు వినబడి పరిగెత్తి మెట్లు దిగి చూశా. ఆరున్నర కూడా లేదు. నాకిచ్చిన ఆర్డరు ఏడు. ఏడు కాకుండా మోగిస్తే ఉద్యోగం ఊడుద్దని రాసుంది. కేకలేసి చెప్పినోళ్ళకి చెప్పా. ఏడు కాగానే నొక్కా. విచారణలో అదే చెప్పా. ఆఫీసరు నవ్వాడమ్మా. వీధిలోకి నీళ్ళు రావాలంటే ఏట్లో ఏడు పది ఉండాలి, మాస్టారి పుస్తకంలో ఉంది, నాలుగుంబావుకే వీధిలోకొచ్చాయంటే అప్పటికే ఏడు దాటినట్టే కదా, నువ్వు ముప్పావుగంట నిద్రపోయావన్నాడు. కళ్ళతో చూశానంటే నమ్మలేదు. పుస్తకం అబద్ధమాడుతుందా అన్నాడు."

"నాన్న ఏమన్నారు అక్కడ?"

"పాపం ఆయన్నేమంటాం. పుస్తకం సరైనదేనా మాస్టారూ అని అడిగారు. నా పుస్తకంలో కొట్టివేత లేదండీ అన్నాడు. అంతే. నిజమే కదా." బాబాయి కర్ర మళ్ళీ చేతికి తీసుకున్నాడు. "నాకు మాస్టారి మీద కోపం లేదమ్మా. ఏరే ఏదో తిరకాసు చేసి ఉంటుంది. కాలవ పూడిపోయిందో ఏమో. చదువుకున్నోళ్ళు నలుగురు చూస్తే తేలుద్ది."

ఆయన అద్దం తుడవడంలో పడ్డాడు. పక్కన టిక్కెట్ల గది ముందు నిలబడ్డ ఒకడు ఇంకొకడితో "అరే, మన నిద్రమాత్ర ఇవాళ మేలుకునే ఉన్నాడే" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. బాబాయి తలతిప్పి చూడలేదు, గుడ్డ కూడా ఆపలేదు. ఆ మాటకు అలవాటు పడిపోయాడు.

అమ్మడికి అక్కడికక్కడ చచ్చిపోతే బాగుండనిపించింది. ఈ మనిషి ఏ పుస్తకం మీద గంపెడాశ పెట్టుకున్నాడో ఆ పుస్తకమే రేపో మాపో ప్రపంచమంతటికీ ఇతను నిద్రపోయాడని చెప్పబోతోంది. ఇంతవరకూ ఈ ఊరికి మాత్రమే తెలిసిన మాట ఇకమీద ఎప్పటికీ చెరగదు. వచ్చే వానల్లో కొత్త సైరన్ కూడా ముప్పావుగంట ఆలస్యంగానే మోగుతుంది. ఆ తప్పు మీదేసుకోవడానికి ఈసారి వాచ్‌మను కూడా ఉండడు.

"కాగితం మీద రాసిస్తాను బాబాయ్" అని మాత్రం అనగలిగింది.

*

గురువారం నాడు పని చివరి పుస్తకానికి వచ్చింది. అమ్మడు రెండుసార్లు తప్పు చదివింది. తలకిందులుగా చదివేటప్పుడు రెండూ దొరికాయి. పరిశోధకురాలు టీ పెట్టుకుందామని తనే లేచి వంటగదిలోకి వెళితే అమ్మడు వెనకే వెళ్ళింది.

"ఒక్క మాట అడగనా? ఆ పన్నెండో తారీఖు వరుస ఒక్కటీ వదిలెయ్యకూడదా?"

"ఎందుకు?"

"వంతెనాయన దాంతో కలవలేదన్నావు కదా."

పరిశోధకురాలు పాలు పొంగకుండా మంట తగ్గించింది. వయసులో చిన్నదే గానీ పని దగ్గర కచ్చితమైన మనిషి. "ఖాళీ పెట్టానంటే ఎందుకు పెట్టానో రాయాలక్కా. కారణం లేని ఖాళీ చూస్తే చూసేవాళ్ళు తలా ఒకటి ఊహించుకుంటారు. నచ్చలేదని తీసేశాననుకుంటారు. తప్పుంటే ఉండనీ, తప్పని రాసి ఉంచొచ్చు. దాచడం కుదరదు." ఆమె అమ్మడి ముఖంలోకి చూసింది. "నీకేమైనా తెలుసా అక్కా?"

"తెలియదు" అంది అమ్మడు.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని తనే భయపడింది. పదకొండేళ్ళప్పుడు కూడా ఇంత తేలిగ్గానే వచ్చి ఉంటుంది.

పరిశోధకురాలు వెళ్ళిపోయాక, సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే, అమ్మడు తండ్రి కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఆయన కాలిగోళ్ళు కత్తిరించడం వారానికోసారి ఆమె పని. ఒక కాలు అయ్యేదాకా ఏమీ అనలేదు. ఈ మాట విన్నాక ఆయన ఏమవుతాడోనని ప్రాణం కొట్టుకుంటోంది. ఆయనకు ఆస్తి లేదు, పేరు తప్ప. ఆ పేరుకు ఆ పుస్తకాలు తప్ప సాక్ష్యం లేదు. ఇప్పుడు కూతురే వాటిని మట్టిలో కలపాలి. కలపకపోతే బాబాయి మట్టిలోనే ఉంటాడు.

"నాన్నా, నేనొకటి చెప్తాను. కోప్పడినా సరే, మధ్యలో ఆపకు."

"చెప్పు."

చెప్పింది. మెట్లు, బురద, కమ్మీ, కొమ్మలు, నురగ, ఏడు పది. చెబుతున్నంతసేపూ కత్తెర చేతిలోనే ఉంది, చూపు ఆయన మోకాళ్ళ మీద ఉంది. "నేను దిగలేదు నాన్నా. భయమేసింది. దిగానని నీకు చెప్పాను. నువ్వు నమ్మి సంతకం పెట్టావు. బాబాయి బతుకు నావల్ల పోయింది. అత్త ప్రాణం నావల్ల పోయింది" అని ఏడ్చేసింది.

మాస్టారు ఆమె చేతిలోంచి కత్తెర మెల్లగా తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

ఏడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఎప్పుడు తెలుసు?"

"మీ అమ్మ పోయిన నాలుగో రోజున. మొదటిసారి గట్టుకు వెళ్ళాను. మెట్ల మధ్యలో కొలబద్ద గది ఉంది కదా, దాని తలుపుచట్టం మీద బురద గీత ఉంది. వరద ఎంత ఎత్తుకొచ్చిందో ఆ గీత చెప్తుంది. తాపీవాళ్ళు మట్టం చూసుకునే నీళ్ళగొట్టం తెచ్చి ఆ గీతకూ కొలబద్దకూ పెట్టి చూశాను. ఆరు నలభై. చీటీలో ఏడు పది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచినా మానినా ఆయనకు పెద్దగా తేడా లేదు. "ఇంటికొచ్చి ఎర్రసిరా కలం తీశాను. కొట్టేస్తే పక్కన కారణం రాయాలి. చూడకుండా సంతకం పెట్టానని రాయాలి. వరదలో పదకొండేళ్ళ పిల్లని ఏటికి పంపానని రాయాలి. నువ్వేమో ఆ మూలన కూర్చుని నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. ఉద్యోగం పోతే నిన్నేం పెట్టి పెంచను? కలం మూసేశాను."

"అప్పుడంటే సరే..."

"పెచ్చు ఊడిపోతుందని ఆ గీతను మాత్రం చాకుతో చెక్కి ఉంచాను. తారీఖు కూడా. ఎందుకు చెక్కానో తెలియదు. చెరిపెయ్యడానికి మనసొప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు."

అమ్మడు పీట మీంచి లేచింది. తన తప్పు ఒప్పుకుని తండ్రి పాదాల దగ్గర పడి ఉందామని కూర్చున్న మనిషి, ఇప్పుడు నిలబడి ఆయన్ని పైనుంచి చూస్తోంది. రెండు రోజులుగా తిండీ తిప్పలూ మాని ఈయన పరువు కోసం కుమిలిపోయినందుకు ఒళ్ళు మండిపోయింది.

"విచారణలో నిన్నడిగారు. పుస్తకం సరైనదేనా అని."

"అడిగారు."

"కొట్టివేత లేదన్నావు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను పదకొండేళ్ళ పిల్లని నాన్నా. నువ్వో?"

మాస్టారు తల దించుకున్నాడు. ఒక కాలి గోళ్ళు కత్తిరించి ఉన్నాయి, రెండో కాలివి అలాగే ఉన్నాయి. బయట వీధిలోంచి ఎవరో "మాస్టారూ, బాగున్నారా" అని పలకరించి వెళ్ళారు. ఆయన అలవాటుగా చెయ్యెత్తబోయి, సగంలో దించేసుకున్నాడు.

"రేపు పదకొండింటికి కదా సమావేశం" అన్నాడు. "పొద్దున్నే నన్ను మెట్ల దాకా తీసుకెళ్ళమ్మా. నా మాట చెల్లదు. గీతను చూపించాలి. ఆ అమ్మాయినీ రమ్మను." కాస్త ఆగి, "వాణ్ణి కూడా" అన్నాడు.

*

కొలబద్ద గది తలుపుచట్టానికి ఇరవై నాలుగేళ్ళలో ఆరుసార్లు రంగు వేశారు. మునిసిపాలిటీవాళ్ళు ఊళ్ళో దేనికైనా డబ్బు లేదంటారు గానీ తలుపులకు రంగు వెయ్యడం మాత్రం ఆపరు. పరిశోధకురాలు గీకుడు కత్తితో గీకుతోంది. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద బూడిదరంగు. అమ్మడు టార్చి పట్టుకుంది. రాత్రంతా ఆమెకు ఒకటే భయం. చట్టం మార్చేసి ఉంటే? చెదపట్టి ఉంటే? నాన్న వేళ్ళతో తడిమి చోటు చూపించాడు గానీ ఆ చోట గీకినకొద్దీ రంగే వస్తోంది.

బాబాయి రెండు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. పనిలోంచి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడి. ఎందుకు రమ్మన్నారో అమ్మడు దారిలో చెప్పేసింది, మొత్తం, ఏదీ దాచకుండా. ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. దారి పొడవునా ఆమెకు ఒక అడుగు ముందే నడిచాడు.

"లేదేమో" అంది పరిశోధకురాలు.

"ఇంకొంచెం కిందికి చూడమ్మా" అన్నాడు మాస్టారు. "కిందికి, ఒక బెత్తెడు."

ఇంకో బెత్తెడు కింద కత్తి మొన దేనికో తగులుకుంది. గోరు పట్టేటంత లోతు, అడ్డంగా తిన్నటి గీత. పక్కన చిన్న చిన్న అంకెలు, పన్నెండు, ఎనిమిది. వాటి కింద మాస్టారి పొడి సంతకం.

అందరూ నీళ్ళగొట్టం పనిలో పడ్డారు. పారదర్శకంగా ఉండే పొడుగాటి గొట్టం, నిండా నీళ్ళు. ఒక కొస గీత దగ్గర, ఇంకో కొస కొలబద్ద దగ్గర. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి, ఎవరి మాటా వినవు. అమ్మడు కొలబద్ద వైపు దిగింది. బురద లేదు, ఏరు ఎక్కడో అడుగున ఉంది, అయినా ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగింది. నాన్న నేర్పినట్టే గొంతుక్కూర్చుంది. కళ్ళు మట్టానికి తెచ్చింది. గొట్టంలో నీళ్ళు ఊగి ఊగి నిలబడేదాకా ఆగింది.

"ఆరు నలభై" అంది.

"ఇంకోసారి" అన్నాడు బాబాయి. ఆ పొద్దున ఆయన నోరు విప్పడం అదే.

గొట్టం ఎత్తి మళ్ళీ పెట్టారు. ఆరు నలభై. కొసలు తారుమారు చేసి పెట్టారు. ఆరు నలభై. పరిశోధకురాలు తన కాగితం తీసి చూసి, "వంతెనాయన అంకెతో సరిగ్గా కలుస్తుంది" అని, పెన్సిలుతో 'నమ్మదగినవి కావు' అని రాసుకున్న మాటను చెరిపేసింది.

మాస్టారు గది ముందు అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఆ సంవత్సరపు పుస్తకం, చేతిలో ఎర్రసిరా కలం. అమ్మడు ఆయన వేలు పట్టుకుని వరుస మీద పెట్టింది. పద్ధతి ప్రకారం ఒకే గీత కొట్టాలి, కింది అంకె చదవడానికి వీలుండాలి. చెరపకూడదు, దిద్దకూడదు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన చేతికి ఆ గీత అలవాటు లేదు. వంకరగా పడింది. పక్కన ఆరు నలభై అని రాశాడు. దాని పక్కన 'చూడకుండా సంతకం చేశాను. తెలిసీ దిద్దలేదు. విచారణలోనూ చెప్పలేదు' అని రాశాడు. చూపు ఆనక అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. తరవాత అమ్మడు కలం తీసుకుంది. 'ఆ పూట కొలత చూసింది నేను. మెట్లు దిగలేదు' అని రాసి సంతకం పెట్టింది.

"అమ్మాయీ, ఇది కూడా అందరూ చూస్తారా?" అని అడిగాడు మాస్టారు.

"చూస్తారు మాస్టారూ. కొట్టివేత ఎందుకొచ్చిందో కూడా పక్కనే ఉంటుంది."

"సమావేశంలో నేనే చదువుతాను. అంటే, అమ్మడు చదువుతుంది, నేను నిలబడతాను."

బాబాయి మెట్లెక్కి వచ్చి పుస్తకంలోకి వంగి చూశాడు. వేలితో ఆ వరుసను రెండుసార్లు తడిమాడు. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అమ్మడికి.

"మీ కిటికీ ముందునుంచే పోతాను మాస్టారూ బస్టాండుకి" అన్నాడు. "రోజూ. నాలుగేళ్ళు."

"చూశాను" అన్నాడు మాస్టారు. "అక్కడే కూర్చునేవాణ్ణి."

"చెయ్యెత్తేవాళ్ళు."

"ఎత్తేవాణ్ణి."

క్షమించమని మాస్టారు అడగలేదు, అడిగే ముఖం లేదాయనకు. క్షమించానని బాబాయి అనలేదు. ఏటి మీంచి గాలి లేచింది.

పరిశోధకురాలు పుట ఫొటో తియ్యడానికి కెమెరా సరిచేసుకుంటోంది. పాత ఫొటో పక్కన ఇది కూడా పెట్టాలి. గాజుపలక ఇంట్లోనే ఉండిపోయింది. పుట గాలికి లేచి లేచి పడుతోంది. అమ్మడు ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేస్తోంది. అప్పుడు బాబాయి అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో నాని తెల్లబడిపోయిన రెండు చేతులతో పుట రెండు వైపులా అదిమి పట్టుకున్నాడు.

"వేళ్ళు కూడా పడతాయి బాబాయ్" అంది పరిశోధకురాలు.

"పడనివ్వమ్మా" అన్నాడు ఆయన.